సొమ్మొకడిది, సోకొకడిది: మన బ్యాటరీ షెడ్డు చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు "సర్వీసులో మీరు చూసిన ఏదైనా చరిత్ర రాయండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు వద్దనుకున్నాను. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు. నేను చూసినవి ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలు. ముప్పై ఏళ్ళకు పైగా విశాఖపట్నంలో మన గోదాముల వెనక రేకుల షెడ్డులో ఆసిడ్ వాసన పీల్చినవాడికి చరిత్రేమిటి అనుకున్నాను. కాని ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఆ షెడ్డుకు సంబంధించిన ఒక విషయం నా సంతకంతోనే తప్పుగా రికార్డయి ఉందని, దాన్ని సరిదిద్దడానికి నాకు ఇంతకన్నా మంచి అవకాశం రాదని తోచింది. అందుకే ఈ నాలుగు ముక్కలు. పాఠక మిత్రులు ఓపికతో చదవాలని మనవి.

సీసంలో దాచిన కరెంటు

1859లో ఫ్రాన్సు దేశంలో గాస్తోఁ ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను మధ్యలో గుడ్డ పెట్టి చాపలా చుట్టి, పలచని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ముంచి కరెంటు పంపాడు. పంపిన కరెంటును ఆ రేకులు దాచుకుని, అడిగినప్పుడు తిరిగి ఇచ్చాయి. అంతకుముందు ఉన్న బ్యాటరీలు ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. మళ్ళీ మళ్ళీ నింపుకోగల మొదటి బ్యాటరీ ఇదే. అయితే ఆ రేకులు పదునెక్కాలంటే వాటిని నెలల తరబడి నింపడం, ఖాళీ చేయడం చేస్తూ ఉండాలి. 1881లో కమీ ఫోర్ అనే మరో ఫ్రెంచివాడు సీసపు ఆక్సైడును ముద్దగా చేసి రేకులకు మెత్తాడు. దానితో నెలల పని రోజుల్లోకి వచ్చింది. 1882లో ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు లోపల జరిగే సంగతి వివరించారు. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు రకాల ప్లేట్లూ లెడ్ సల్ఫేటుగా మారతాయి, ఆసిడ్ పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఆ సల్ఫేటు విడిపోయి ఆసిడ్ మళ్ళీ చిక్కబడుతుంది.

మన షెడ్డులో జరిగిన పని అంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆసిడ్ చిక్కదనం చూస్తే బ్యాటరీ కడుపులో ఎంత ఉందో తెలుస్తుంది. హైడ్రోమీటరులో 1.280 దరిదాపుల్లో ఉంటే నిండుకుండ, 1.150కి దిగిందంటే ఖాళీ కడుపు. మనం "పన్నెండు ఎనభై", "పదకొండు యాభై" అని అరుచుకునేది ఈ లెక్కలే.

ఫోర్క్‌లిఫ్టుల సంగతికి వస్తే, అమెరికాలో క్లార్క్ కంపెనీ 1917లో తమ సొంత ఫ్యాక్టరీలో సామాను మోయడానికి చేసుకున్న చిన్న బండి వీటికి పెద్దన్నలాంటిది. రెండవ ప్రపంచ యుద్ధంలో చెక్క ప్యాలెట్ల మీద సరుకు పేర్చి ఎత్తే పద్ధతి విస్తరించడంతో ఈ బండ్లు ప్రపంచమంతా పాకాయి. మూసి ఉన్న గోదాముల్లో డీజిలు పొగ పనికిరాదు గనుక అక్కడ బ్యాటరీ బండ్లే నడిచాయి. మామూలు వాహనానికి బరువు శత్రువు. ఫోర్క్‌లిఫ్టుకు మాత్రం బరువే బలం. ముందు ఫోర్కుల మీద టన్నున్నర సరుకు ఎత్తినప్పుడు బండి ముందుకు తిరగబడకుండా వెనక బరువు కావాలి. ఆ బరువులో పెద్ద వాటా సీసపు బ్యాటరీదే. అందుకే కొత్త రకాలు ఎన్ని వచ్చినా సీసం ఈ బండ్లను అంత తొందరగా వదలలేదు.

మన షెడ్డు, మన తాత

మన బండ్లలో ఉండేవి 48 వోల్టుల బ్యాటరీలు. ఒక్కో సెల్లు 2 వోల్టులు, అలాంటివి 24 ఒక ఇనుప పెట్టెలో వరసగా ఉండేవి. పెట్టె మొత్తం టన్ను దరిదాపు తూగేది. చెయిన్ పుల్లీ లేకుండా కదిలేది కాదు. నేను షెడ్డులో ఛార్జిహ్యాండుగా చేరేసరికి అక్కడ ఒక ఖలాసీ ఉండేవారు. భీమిలి వైపు మనిషి. వయసు యాభై దాటలేదు గాని జుట్టు ముందే నెరిసింది. ఆఫీసర్ల దగ్గర్నుంచి క్యాంటీన్ కుర్రాడి దాకా ఆయన్ని "బ్యాటరీ తాత" అనే పిలిచేవాళ్ళం. పాత సభ్యులకు పేరు చెప్పనక్కరలేదు.

పాత బ్యాటరీని బాగుచేయడం అంటే ఏమిటో నాకు నేర్పింది పుస్తకాలు కాదు, తాత. ఆయన లెక్కలో బ్యాటరీకి వచ్చే రోగాలు మూడు. మొదటిది సల్ఫేటు గట్టిపడటం. బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద ఉన్న మెత్తని సల్ఫేటు పెద్ద పెద్ద పలుకులుగా పేరుకుంటుంది. మామూలు ఛార్జింగుకు అది లొంగదు. ఇది ముదరకపోతే నయమవుతుంది. రెండవది, ఇరవై నాలుగింటిలో ఒక్క సెల్లు పాడై మిగతా ఇరవై మూడింటినీ గుంజడం. ఆ సెల్లును కోసి తీసి వేరేది అతికితే సరిపోతుంది. మూడవది ముసలితనం. ప్లేటులోని సరుకు రాలి అడుగున బురదగా చేరడం, లోపలి సీసపు చట్రం తినేయడం. దీనికి మందు లేదు. "రాలిన పన్ను మల్లీ మొలుస్తాదేటి బాబూ" అనేవారు.

మొదటి రోగానికి తాత చేసే వైద్యం ఇది. ముందు చాకలి సోడా నీళ్ళతో బ్యాటరీ పైభాగం కడిగేవారు, మూతల్లోంచి చుక్క లోపలికి పోకుండా జాగ్రత్తపడుతూ. టెర్మినళ్ళు గీకి వేజలైన్ రాసేవారు. ప్రతి సెల్లు రీడింగూ పలకమీద రాసుకునేవారు. ప్లేట్లు బయటపడి ఉంటే మునిగేంత మటుకే డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. గుర్తు దాకా నింపడం ఛార్జింగు అయ్యాకనే, ఎందుకంటే ఛార్జి అయ్యేటప్పుడు మట్టం పైకి పొంగుతుంది. తరువాత 400 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 15 ఆంపియర్లు మించకుండా రెండు మూడు రోజులు నెమ్మదిగా ఛార్జి. గంటగంటకూ థర్మామీటరు. 45 డిగ్రీలకు చేరితే ఆపేసి చల్లారనిచ్చేవారు. ఆపైన లోడు పెట్టి ఖాళీ చేసి ఎంతసేపు నిలిచిందో గడియారం చూసేవాళ్ళం. మళ్ళీ ఛార్జి. రాసి ఉన్న సామర్థ్యంలో నూటికి 80 వంతులు ఇస్తే బండి ఎక్కించేది, ఇవ్వకపోతే పక్కన పెట్టేది. మరీ మొండి వాటికి పాత ఆసిడ్ వంపేసి నీళ్ళు పోసి నెమ్మదిగా ఛార్జి చేయడం కూడా ఉండేది. పలచని నీళ్ళలో ఆ పలుకులు కొంత తేలిగ్గా కరుగుతాయి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. సెల్లు మార్చేటప్పుడు సీసం కరిగించి లింకులు అతికేవాళ్ళం. మూతికి గుడ్డ ముక్క కూడా ఉండేది కాదు. సీసానికి విరుగుడని రోజూ గ్లాసెడు పాలు ఇచ్చేవారు. పాలు ఒంట్లో చేరిన సీసాన్ని కడిగెయ్యవని, అన్నం తినేముందు చేతులు కడుక్కోవడం, పొగ పీల్చకపోవడమే అసలు రక్షణ అని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పాలు తాత తాగేవారు కాదు. సీసాలో పోసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవారు.

పొడి వచ్చిన వేసవి

1986 వేసవిలో మన ఆఫీసులోకి ఒక పొడి వచ్చింది. ఒక్కో సెల్లులో ఒక పొట్లం వేస్తే చచ్చిన బ్యాటరీ లేచి కూర్చుంటుందని, ఆపైన నిర్వహణ పెద్దగా అక్కరలేదని అమ్మకందారు చెప్పాడు. కొత్త బ్యాటరీలకు బడ్జెట్టు లేని కాలం. అప్పటి మా అధికారి "ఏ పుట్టలో ఏ పాముందో, వేసి చూద్దామయ్యా" అన్నారు. పక్కన పెట్టిన రెండు బ్యాటరీలు పరీక్షకు ఇచ్చారు. పొట్లంతో వచ్చిన కాగితంలో పొడి వేసిన తరువాత మూడు రోజులు నెమ్మదిగా ఛార్జి చేసి, ఖాళీ చేసి, మళ్ళీ ఛార్జి చేయాలని ఉంది.

ఆ పని మొత్తం తాత చేశారు. కడగడం, గీకడం, నీళ్ళు పోయడం, రాత్రి షిఫ్టులో గంటగంటకూ లేచి వేడి చూడటం. నాలుగో రోజు ఉదయం నా ముందు పలక పెట్టారు. అంతకుముందు 1.160 చూపిన సెల్లులు 1.250 దాటాయి. బండి ఎక్కిస్తే ఆరు గంటలు ఆగకుండా తిరిగింది. ఆఫీసులో అందరూ సంబరపడ్డారు.

ఆ సాయంత్రం తాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"బాబూ, మూల ఇంకో బేట్రీ ఉంది, ఈ రెండింటికీ తోడుదే. దానికి పొడి ఎయ్యకుండా ఇలాగే సేసి సూద్దుమా? అప్పుడు గదా తెలుస్తాది, లేసింది పొడికా, ఛార్జికా."

"తాతా, రేపు పొద్దున్నకల్లా రిపోర్టు కావాలంటున్నారు. ఇంకో నాలుగు రోజులంటే సారు ఊరుకోరు" అన్నాను.

"మీ ఇష్టం బాబూ" అని వెళ్ళిపోయారు.

మర్నాడు "పొడి వాడకము వలన బ్యాటరీల పునరుద్ధరణ జరిగినది" అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టాను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. మెచ్చుకున్నారు కూడా.

ఆ కాగితం నేను అనుకోని చోటికి నడిచింది. పొడితోనే పని జరుగుతుంటే షెడ్డులో ఇంతమంది ఎందుకని ఎవరో నోట్ పెట్టారు. రెండు నెలల్లో తాతను గోదాములో టార్పాలిన్లు మడిచే గ్యాంగులో వేశారు. రాత్రి షిఫ్టులు పోవడంతో ఓవర్‌టైం పోయింది. దాని మీద ఆధారపడి ఆయన పెద్ద కూతురి పెళ్ళికి అప్పు చేసి ఉన్నారని నాకు తరువాత తెలిసింది. ఆయన ఒక్క మాట అనలేదు. క్యాంటీన్లో కనబడితే "బేట్రీలు ఎలాగున్నాయి బాబూ" అని మాత్రం అడిగేవారు.

బ్యాటరీలు బాగాలేవు. ఏడాదిన్నర తిరగకుండా ఒక్కొక్కటే కూలబడ్డాయి. మూతలు తీస్తే ప్లేట్లు తేలి ఉన్నాయి, తెల్లగా సల్ఫేటు కట్టి. నీళ్ళు పోసేవాడు లేడు, వారానికోసారి అదనపు ఛార్జి పెట్టి సెల్లులన్నింటినీ ఒక మట్టానికి తెచ్చేవాడు లేడు. పొడి పొట్లాలు మాత్రం బీరువా నిండా ఉన్నాయి. చివరికి కొత్త బ్యాటరీలు కొన్నారు. తాత 1989లో ఆ గ్యాంగులోనే రిటైరయ్యారు.

అమెరికాలో జరిగిన ఇదే కథ

నేను రిటైరయ్యాక 2009లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది మేరీలాండు రాష్ట్రంలో గైథర్స్‌బర్గ్ దగ్గర. ఆ దేశపు తూనికలు, కొలతల ప్రయోగశాల ఆ ఊళ్ళోనే ఉంది. ఇప్పుడు దాన్ని నిస్ట్ అంటారు, 1988 వరకు నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్. పొద్దుపోక అక్కడి లైబ్రరీలో ఆ సంస్థ చరిత్ర తిరగేస్తుంటే ఒకచోట నా చేయి ఆగిపోయింది. అక్కడా ఒక బ్యాటరీ పొడి ఉంది.

ఆ పొడి పేరు ఏడీ-ఎక్స్2. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కాలిఫోర్నియాలోని ఓక్లండులో జెస్ రిచీ అనే ఆయన దాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. అందులో ఉన్నవి ముఖ్యంగా సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. రెండోది మనం విరేచనాలకు వాడే ఎప్సమ్ సాల్టు జాతిదే. మెర్ల్ రాండల్ అనే పేరున్న రసాయన శాస్త్ర ప్రొఫెసరు కూడా రిచీ పక్కన నిలిచారు. వాడినవాళ్ళు బ్రహ్మాండంగా పనిచేసిందని ఉత్తరాలు రాశారు. బ్యూరో మాత్రం ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి మందులు పరీక్షిస్తూ, వాటివల్ల ప్రయోజనం లేదనే చెబుతూ వచ్చింది. ఏడీ-ఎక్స్2 మీదా అదే చెప్పింది.

వాళ్ళ పరీక్ష ఎలా జరిగిందో చదివి నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒకే రకం బ్యాటరీలను తీసుకుని, కొన్నింటికి పొడి వేసి, కొన్నింటికి వేయకుండా, రెంటినీ ఒకేలా ఛార్జి చేసి చూశారు. "దానికి పొడి ఎయ్యకుండా ఇలాగే సేసి సూద్దుమా" అని తాత అడిగింది అదే.

ఆ తరువాతి కథ మరీ విడ్డూరం. 1953 మార్చిలో అమెరికా వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్, బ్యూరో డైరెక్టరు ఆలెన్ ఆస్టిన్‌ను రాజీనామా చేయమన్నారు. బజారులో జనం కొంటున్నారు గదా, ఆ సంగతి బ్యూరో లెక్కలోకి తీసుకోలేదని మంత్రిగారి ఆక్షేపణ. దేశంలోని శాస్త్రజ్ఞులంతా గగ్గోలు పెట్టారు. బ్యూరోలో పనిచేసేవాళ్ళు మూకుమ్మడిగా వెళ్ళిపోతామన్నారు. మంత్రి వెనక్కి తగ్గక తప్పలేదు. ఏప్రిల్‌లో ఆస్టిన్‌ను తాత్కాలికంగా ఉంచారు, ఆగస్టులో పూర్తిగా నిలిపారు. ఆ ఏడాది చివర్లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నియమించిన సంఘం విచారించి, బ్యూరో పని సరైనదేనని, ఆ పొడిలో పసలేదని తేల్చింది. ఆస్టిన్ 1969 వరకు డైరెక్టరుగానే ఉన్నారు.

మరి వాడినవాళ్ళు అబద్ధాలు రాశారా? అనుకోను. నేనూ అబద్ధమని తెలిసి సంతకం పెట్టలేదు. పొడి వేసిన తరువాత బ్యాటరీని ఎవరూ ఊరికే వదలరు. కడుగుతారు, నీళ్ళు పోస్తారు, నెమ్మదిగా ఛార్జి పెడతారు. బ్యాటరీ లేస్తుంది. లేపింది ఆ సేవ, పేరు పొడికి. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు గదా, అదే ఇది. తోడుగా పొడి వేయని బ్యాటరీని పెట్టి చూడనంతకాలం, ఎంత నిజాయితీపరుడైనా మోసపోతాడు.

ఒక తేడా మాత్రం ఉంది. ఆస్టిన్ ఉద్యోగం పోబోతే దేశం లేచింది. మన తాత పని పోతే ఒక్కరం నోరు విప్పలేదు. అందులో మొదటివాణ్ణి నేను.

మన ఇళ్ళలో మాట

ఇదంతా పాత కథ, మనకెందుకు అనుకోకండి. మనలో చాలామంది ఇళ్ళలో ఇన్వర్టరు కింద ఉన్నది అదే సీసపు బ్యాటరీ. పాత బ్యాటరీకి ప్రాణం పోస్తామని పొడులు, ద్రవాలు, చిన్న చిన్న యంత్రాలు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఎవరైనా వస్తే తాత అడిగిన ప్రశ్నే అడగండి: అవి లేకుండా, అంతే శ్రద్ధగా ఛార్జి చేసి చూశారా? మీ వంతుగా మూడు పనులు చేయండి. నెలకోసారి మట్టం చూసి, డిస్టిల్డ్ వాటరే, గుర్తు మించకుండా పోయించండి. కరెంటు పోయి బ్యాటరీ ఖాళీ అయితే అలాగే వదిలేసి ఊరికి వెళ్ళకండి. ఛార్జి అవుతున్న చోట గాలి ఆడనివ్వండి, దీపం పెట్టకండి. ఆ సమయంలో వెలువడే హైడ్రోజన్ గాలిలో నూటికి 4 వంతులు చేరితే నిప్పురవ్వ చాలు. అయిపోయిన బ్యాటరీని వీధిలో తూకానికి ఇవ్వకండి. పాత బ్యాటరీలు తిరిగి తీసుకోవడానికి 2001లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది, వాటి స్థానంలో 2022లో కొత్తవి వచ్చాయి. కొత్తది కొనే దుకాణంలోనే పాతది అప్పజెప్పండి. పెరట్లో పెట్టి సీసం కరిగించే చోట మొదట చెడేది పసిపిల్లల బుర్రలు.

అమెరికా నుంచి తిరిగి వచ్చాక ఆ కథ తాతకు చెబుదామని భీమిలి వైపు వెళ్ళాను. ఆయన పోయి అప్పటికే రెండేళ్ళయిందని చెప్పారు. కొడుకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. వచ్చిన పనేమిటని అడిగితే, ఊరికే చూసి పోదామని వచ్చానన్నాను. అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

అందుకే ఇప్పుడు, నన్నూ ఆయన్నీ ఎరిగిన మీ అందరి ముందు చెబుతున్నాను. 1986లో మన షెడ్డులో ఆ రెండు బ్యాటరీలు లేచింది పొడి వల్ల అని నేను సంతకం చేసిన మాట తప్పు. వాటిని లేపింది బ్యాటరీ తాత. ఆ కాగితం ఈపాటికి చెదలు తినేసి ఉంటుంది. ఈ సంచిక మాత్రం ఆయన పిల్లలకు ఒక ప్రతి చేర్చవలసిందిగా కార్యదర్శిగారిని ప్రార్థిస్తున్నాను. పోస్టు ఖర్చు నాది.

సెలవు.